ముందు వరసలో మా వదినగారు

పైవాడు ఆజ్ఞ ఇస్తే సిపాయి తన సొంత జనం మీద చెయ్యెత్తుతాడా? ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే మూడేళ్ళ క్రితం దాకా నేను తడుముకోకుండా జవాబు చెప్పేవాణ్ణి. ఎత్తడు. మొదట్లో ఎత్తినా చివరిదాకా ఎత్తలేడు. ఎదురుగా నిలబడ్డది తన తల్లిలాంటి మనిషని తెలిశాక తుపాకి దించేస్తాడు. నా దగ్గర రుజువులుండేవి. ఏ దేశంలో, ఏ నగరం వీధిలో, ఏ పటాలం మాట వినడం మానేసిందో ఒక లావుపాటి నోటు పుస్తకంలో రాసి పెట్టుకున్నాను.

జగ్గయ్యపేటలో నాది మోటార్లు వైండింగ్ చేసే షాపు. కాలిపోయిన బోరు మోటారు వస్తే పాత రాగితీగ పీకేసి కొత్తది చుట్టడం నా పని. పదో తరగతి తప్పి ఆ పనిలోకి వచ్చాను. సాయంత్రం ఐదు కొట్టగానే చేతుల వార్నిష్ వాసన పోయేదాకా సబ్బుతో తోముకుని శాఖా గ్రంథాలయానికి వెళ్ళడం ముప్ఫై ఏళ్ళ అలవాటు. అక్కడి చరిత్ర బీరువాలో నేను చదవని పుస్తకం లేదు. ఈ మాట చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుపడను. బదిలీ మీద కొత్తగా వచ్చిన గ్రంథపాలకులు ఫలానా పుస్తకం ఏ అరలో ఉందో నన్నే అడిగేవారు. బజార్లో కొందరు నన్ను లైబ్రరీ మాస్టారని పిలిచేవారు. అది వెక్కిరింపని తెలుసు. తెలిసీ లోపల బాగానే ఉండేది.

ఆ గ్రంథాలయంలోనే రోజూ పేపరు చదవడానికి ఒక పెద్దాయన వచ్చేవారు. సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరయ్యారు. అందరం మిలట్రీ ఆయన అనేవాళ్ళం. పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్క అక్షరం వదలకుండా చదివి, మడత ఎలా ఉందో అలాగే మళ్ళీ మడిచి పెట్టి వెళ్ళేవారు. ఎక్కువ మాట్లాడేవారు కాదు. ఎక్కడో విదేశంలో జనం వీధుల్లోకి వచ్చారని, సైన్యాన్ని దింపారని వార్త వచ్చిన రోజున నేను అలవాటుగా నా సిద్ధాంతం మొదలుపెట్టాను. ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"మాస్టారూ, మీ నోట్సులో ఎంతమంది సిపాయిలున్నారు?"

"పటాలాలకి పటాలాలే ఉన్నాయండి."

"అందరూ మాట విననోళ్ళేనా?"

"అందుకే కదండీ రాసుకున్నాను."

"మరి విన్నవాళ్ళో? పొద్దున్నే లేచి బూట్లకి పాలిష్ కొట్టుకుని, చెప్పింది చేసి, తిరిగొచ్చి రొట్టెలు తిని పడుకున్నవాళ్ళో? వాళ్ళ మీద పుస్తకం ఏ బీరువాలో ఉంది?"

"అలాంటివాళ్ళ గురించి ఎవరు రాస్తారండీ?" అని నవ్వాను.

"నేననేదీ అదే."

ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. ఊరివాళ్ళని ఊరి మీదకు పంపరట. పైవాళ్ళు అంత తెలివితక్కువవాళ్ళు కాదట. ఎక్కడి భాష రాదో అక్కడికే మనిషిని పంపుతారట. ఆయన్ని కూడా ఒకసారి అలాంటి చోటికే పంపారు. ఒక ముసలామె వరసకు అడ్డంగా నిలబడి ఏదో అడిగింది. ఆయనకు అర్థం కాలేదు. పక్కనుంచి నడిచి ముందుకు వెళ్ళిపోయారు.

"తెలుగులో అడిగుంటే ఏం చేసేవారు?" అన్నాను, గెలిచానన్న ఉత్సాహంతో.

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. "తెలుగులో అడగలేదుగా," అని పేపరు అందుకున్నారు.

ఆ మాట నేను నోటు పుస్తకంలో రాసుకోలేదు. పుస్తకంలో చదివింది కాదు కాబట్టి అది రుజువు కిందికి రాదని అప్పట్లో నా నమ్మకం.

నాకు ఒక్కతే కూతురు. పోలీసు కానిస్టేబులు. నందిగామలో ఇద్దరు తోటి కానిస్టేబుళ్ళతో కలిసి గదిలో ఉంటుంది. ఆ ఉద్యోగం దానికి రావడానికి కారణం నేను కాదు, నా భార్యకు అక్క, మా వదినగారు. వాళ్ళది నందిగామ నుంచి చందర్లపాడు వైపు వెళ్ళే దారిలో ఒక ఊరు. పేరు రాయను. ఇంటర్ రెండేళ్ళూ మా అమ్మాయి వాళ్ళింట్లో ఉండే నందిగామ కాలేజీకి వెళ్ళింది. వదినగారికి పిల్లల్లేరు, భర్త పోయారు. తెల్లారకముందే లేచి క్యారేజీ కట్టేవారు. పోలీసు సెలెక్షన్లకు పరుగు నేర్చుకోవాలంటే మళ్ళీ ఆ ఊరికే పంపాం. వదినగారు డొంకదారి చివర ఫోన్లో టైము చూస్తూ నిలబడేవారట. "నిన్నటికంటే నాలుగు సెకన్లు ఎక్కువ పట్టింది, రాత్రి ఆ రెండో ముద్ద వద్దంటే విన్నావా," అని తిట్టేవారట. ఉద్యోగం వచ్చినరోజు యూనిఫాం వేసుకుని మా అమ్మాయి మొదట ఆ ఊరే వెళ్ళింది. తర్వాతే మా ఇంటికి వచ్చింది.

ఆ ఊళ్ళో పొలాలు తీసుకుని ఏవో ఫ్యాక్టరీలకు ఇస్తారని వార్త పుట్టింది. మిరప, పత్తి వేసుకునే పొలాలు. వదినగారి ఎకరంన్నర కూడా అందులో ఉంది. సర్వే చెయ్యడానికి మనుషులు వచ్చారు, ఊరివాళ్ళు తిప్పి పంపారు, మళ్ళీ వచ్చారు. చివరికి పొలాలకు వెళ్ళే దారి మొదట్లో టెంటు వేసి కూర్చున్నారు. ఒకరోజు వదినగారు ఫోన్ చేశారు. "మరిదిగారూ, ఇక్కడ మైకు పట్టుకున్న పెతోడూ అరుపులే. మీరు చదువుకున్నోరు. ఒకసారొచ్చి నాలుగు మాటలు చెప్పరాదూ?"

ముప్ఫై ఏళ్ళు చదివితే ఒక్కరు పిలిచారు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వెళ్ళాను.

టెంటు కింద పట్టాలు పరిచి యాభై మంది దాకా కూర్చున్నారు. ముందు మగవాళ్ళు, వెనకాల ఆడవాళ్ళు. నేను మైకు తీసుకుని ఒక దేశం కథ చెప్పాను. అక్కడ రొట్టెల కోసం ఆడవాళ్ళు రోడ్డెక్కారు, గుర్రాల మీద వచ్చిన సిపాయిల కళ్ళలోకి చూసి అడిగారు, సిపాయిలు దారి వదిలారు. అందుకని మీలో ఆడవాళ్ళు ముందు కూర్చోవాలి అన్నాను. మనవాళ్ళని మన మీదకు పంపలేరు, పంపినా వాళ్ళ చెయ్యి లేవదు అన్నాను. నా గొంతు స్పీకర్లోంచి చేల మీదుగా పోతుంటే నాకే కొత్తగా వినిపించింది. చప్పట్లు కొట్టారు. ఇప్పుడు ఆ చప్పట్లు తలుచుకుంటే ఒళ్ళు కుంచించుకుపోతుంది.

ఒక ముసలామె మాత్రం చప్పట్లు కొట్టకుండా చెయ్యెత్తింది. "నాయనా, ఆ దారి వదిలిన సిపాయిల ఉద్దోగాలు తరవాత ఉన్నయ్యా, ఊడినయ్యా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నిజానికి నాకు తెలియదు. ఆ పుస్తకంలో వాళ్ళ సంగతి అక్కడితో ఆగిపోయింది.

మర్నాటి నుంచి ఆడవాళ్ళు ముందుకు వచ్చి కూర్చున్నారు.

మా వైపు మనుషులకు ఒక అలవాటుంది. ఏ పని మీద ఎక్కడికి వెళ్ళాలన్నా ముందు అడిగే మాట, అక్కడ మనవాళ్ళెవరన్నా ఉన్నారా అని. తాసిల్దారు ఆఫీసైనా, పెద్దాసుపత్రైనా, బస్ డిపో అయినా అంతే. మనవాళ్ళుంటే కుర్చీ వేస్తారు, కాగితం ఎటు పోయిందో చెబుతారు, లేకపోతే ఎండలో నిలబెడతారు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే కాబట్టి ఎవరూ దీన్ని తప్పనుకోరు. వదినగారు పోలీసులకు కూడా అదే వర్తిస్తుందనుకున్నారు. పోలీసుల్లో మన పిల్ల ఉంది, ఇక భయమేంటి? నేను చెప్పిన పుస్తకం మాట వెళ్ళి ఈ పాత నమ్మకం మీద కూర్చుంది. రెండూ కలిసి ఆవిడకు కొండంత ధైర్యమయ్యాయి.

తర్వాతి వారం ఒక సాయంత్రం నేను గ్రంథాలయం మెట్లెక్కుతుంటే అమ్మాయి ఫోన్ చేసింది.

"నాన్నా, రేపు పెద్దమ్మ వాళ్ళ ఊరికి బందోబస్తు వేశారు. నా పేరుంది."

"ఊరివాళ్ళని ఊరికి వెయ్యరు కదమ్మా," అన్నాను. మిలట్రీ ఆయన మాట నా నోటి నుంచి ఎంత సులువుగా వచ్చిందో!

"లేడీ కానిస్టేబుళ్ళు చాలట్లేదంట నాన్నా. అక్కడ ముందంతా ఆడోళ్ళే కూర్చున్నారంటగా. మొగోళ్ళు ముట్టుకోకూడదు, మేమే ఎత్తాలి. ఎవడో తెలివిగలోడు సలహా ఇచ్చాడంట వాళ్ళకి."

ఆ తెలివిగలవాణ్ణి నేనేనని దానికి చెప్పలేదు.

"సిక్ పెట్టమంటావా? పెడితే మా సీఐ గారికి తెలిసిపోద్ది ఎందుకు పెట్టానో. నువ్వు చెప్పు, ఇవన్నీ చదివావు కదా."

"ప్రొబేషన్ ఎప్పటికి అయిపోతుంది?"

"ఇంకా ఏడు నెల్లుంది."

"అయితే వెళ్ళమ్మా."

చరిత్ర బీరువా మొత్తం చదివిన వాడు ఇచ్చిన తీర్పు అదే. మెట్టు మీద పెట్టిన కాలు రెండో మెట్టు మీదకు చేరేలోపే ఇచ్చాను. వేరే ఎవరి కూతురైనా అయితే నోటు పుస్తకం తెరిచి గంటసేపు చెప్పేవాణ్ణేమో.

ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పాను. "అక్కకి ఫోన్ చేసి వెనక్కెళ్ళి కూర్చోమనండి. లేకపోతే రేపసలు రావద్దనండి. మీరు చెప్పిన ఘనకార్యమేగా, మీరే చెప్పండి."

చేశాను.

"ఎనకెందుకు మరిదిగారూ? మీరేగా ముందు కూకోమంది," అన్నారు వదినగారు. ఆవిడ గొంతు ఉత్సాహంగా ఉంది. "అయినా వచ్చేది మన పిల్లంటగా! ఇప్పుడే ఊళ్ళో ఎవురో చెప్పారు. మన పిల్లే వత్తంటే ఇంకేం కావాలి?"

"అది కాదు వదినా, దాని ఉద్యోగం..."

"దాని ఉద్దోగానికేంది? అది చెయ్యెత్తదు, నేను లెగను. అయిపాయె."

అప్పుడే చెప్పాల్సింది. అది చెయ్యెత్తుతుంది వదినా, ఎత్తమని నేనే చెప్పాను అని. ఆ ఒక్క వాక్యం చెబితే టెంటు కింద చెప్పిందంతా వెనక్కి తీసుకోవాలి. "రేపు ఎండ బాగా కాసేట్టుంది, జాగ్రత్త," అన్నాను.

"టెంటుందిగా," అన్నారావిడ.

ఫోన్ పెట్టేసి, చెప్పానని నా భార్యతో అన్నాను.

పొద్దున్నే బండి మీద బయలుదేరాను. చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కి నందిగామ చేరేసరికి ఏడున్నర. ఊరి దగ్గరకు వెళ్ళేసరికి అప్పటికే నాలుగు వ్యాన్లు దారి పక్కన ఆగి ఉన్నాయి. మగవాళ్ళందరినీ తాడు కట్టి ఒక పక్కకు నెట్టారు. ఆ తాడు వెనక నేనూ నిలబడ్డాను. టెంటు ముందు వరసలో, మధ్యలో, వదినగారు. ఉతికిన నేత చీర కట్టుకుని తలకు నూనె రాసుకుని వచ్చారు. పెళ్ళిచూపులకు వచ్చిన పెద్దదిక్కులా ఉన్నారు.

దారికి అవతల ఆడ కానిస్టేబుళ్ళు రెండు వరసల్లో ఎండలో నిలబడి ఉన్నారు. మా అమ్మాయి రెండో వరసలో ఉంది. నన్ను చూసింది. గుర్తుపట్టినట్టు ఎక్కడా కనిపించనివ్వలేదు. ఎనిమిదయింది. తొమ్మిదయింది. అధికారులు రాలేదు. టెంటు కిందివాళ్ళు నీళ్ళ క్యాను తెచ్చుకుని తాగారు. ఒకామె చెంబుతో పోలీసు వరస దగ్గరకు వెళ్ళి "తాగండమ్మా" అంటే ఒక్కరూ తీసుకోలేదు. పగ అనుకున్నారు ఊరివాళ్ళు. పది దాటాక తాసిల్దారు వచ్చి మైకులో కాగితం చదివాడు. ఐదు నిమిషాలు టైమిచ్చాడు. ఐదు నిమిషాల్లో ఎవరూ లేవలేదు. ఇన్‌స్పెక్టరు విజిల్ వేశాడు.

వాళ్ళు నలుగురు నలుగురుగా విడిపోయి కదిలారు. ఒక్కో ఆడమనిషికి నలుగురు, ఇద్దరు భుజాల దగ్గర, ఇద్దరు కాళ్ళ దగ్గర. మా అమ్మాయి జట్టు, వరస చివర కూర్చున్న ఒకామె వైపు వెళ్ళాలి. అది నేను స్పష్టంగా చూశాను. అమ్మాయి తన జట్టులో వాళ్ళకు ఏదో చెప్పి, అడ్డంగా నడుచుకుంటూ మధ్యకు వచ్చింది. సరిగ్గా వదినగారి ముందుకు.

వదినగారు నవ్వారు. ఆ నవ్వు చూసి, వెనకాల కూర్చున్నవాళ్ళు కూడా ధైర్యం వచ్చినట్టు మెడలెత్తి చూశారు. వదినగారు పట్టా మీద కొంచెం పక్కకు జరిగారు. పక్కనున్న ఆమెను కూడా జరగమని మోచేత్తో పొడిచారు. అమ్మాయి వచ్చి తన పక్కన కూర్చుంటుందని చోటు చేశారు.

ఆ చోట్లోకే మా అమ్మాయి వంగి మోకాలు పెట్టింది. వదినగారి పైట చెంగు తీసి బొడ్లో దోపింది. చంకల కింద చేతులు పెట్టింది. "పెద్దమ్మా, చేతులు నా మెడ చుట్టూ ఎయ్యి. బిగబట్టమాకు, పట్టేసుద్ది," అంది. మేం ఇరవై అడుగుల దూరంలో ఉన్నాం, మాట అందరికీ వినపడింది. వదినగారు ఒకే మాట అన్నారు. "నువ్వా?"

ఆ తర్వాత పెనుగులాడలేదు. చేతులు మెడ చుట్టూ వేశారు కూడా. చుట్టూ మిగతా ఆడవాళ్ళు కాళ్ళు తన్నుతూ, శాపనార్థాలు పెడుతూ, చీరలు ఊడిపోతూ వ్యాన్ల దాకా వెళ్ళారు. వదినగారిని మాత్రం నిద్రపోతున్న మనిషిని మంచం మార్చినట్టు తీసుకెళ్ళారు. తాడు వెనకనుంచి ఒకడు అరిచాడు. "రెండేళ్ళు తిన్నావు గదే ఆ ఇంటి కూడు! అరిగిందా?" ఇంకొకడు, "ఇంకా నయం, పెద్దమ్మని ఎత్తింది, పెదనాన్నుంటే లాఠీతో కొట్టేది," అన్నాడు. కొందరు నవ్వారు. నేను వాళ్ళ మధ్యే ఉన్నాను. ఆ పిల్ల తండ్రినని వాళ్ళలో సగం మందికి తెలుసు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

అందర్నీ నందిగామలో ఒక కల్యాణమండపంలో పెట్టారు. పులిహోర పొట్లాలు పెట్టి, సాయంత్రం నాలుగింటికి సంతకాలు చేయించుకుని వదిలారు. నేను గేటు దగ్గర నిలబడ్డాను. వదినగారు బయటకు వచ్చి, చెప్పులు పోయినట్టున్నాయి, ఉత్త కాళ్ళతో నా ముందు ఆగారు.

"మరిదిగారూ, ఆ దేశం పేరేంది?"

"ఏ దేశం వదినా?"

"అదే, మీరు చెప్పింది. ఆడోళ్ళని చూసి సిపాయిలు దారొదిలిన దేశం."

పేరు చెప్పాను.

"దూరమా?"

"చాలా దూరం వదినా."

"అదీ సంగతి," అని ఆటో ఎక్కి ఊరివాళ్ళతో వెళ్ళిపోయారు.

ఆ వారం సెలవు రోజున అమ్మాయి ఇంటికి వచ్చింది. నా భార్య తలుపు తీసి, పలకరించకుండా వంటింట్లోకి వెళ్ళింది. అది గడప మీద కూర్చుని బూట్లు విప్పి వేళ్ళు విరుచుకుంది. కాలి మడమ దగ్గర తోలు లేచిపోయి ఉంది.

"ఆ సలహా ఇచ్చింది నువ్వంటగా నాన్నా," అంది. కోపంగా అనలేదు. కరెంటు పోయిందంటగా అన్నట్టు అంది.

"నేనే."

"నాకు ముందు చెప్పాల్సింది."

"చెబితే సిక్ పెట్టేదానివా?"

బూట్లు గోడవారకు జరిపింది. "తెలీదు."

నేను అడగకుండా ఉండలేకపోయాను. ముప్ఫై ఏళ్ళుగా పుస్తకాలను అడుగుతున్న ప్రశ్నకు సమాధానం తెలిసిన మనిషి నా గడప మీద కూర్చుని ఉంది. "విజిల్ వేసినప్పుడు నీకేమనిపించింది? ఒక్క నిమిషం కూడా, చెయ్యను అనిపించలేదా?"

"నాన్నా, మమ్మల్ని తెల్లారుజామున మూడున్నరకి వ్యాన్ ఎక్కించారు. టిఫిన్ వస్తదన్నారు, రాలేదు. అక్కడ లేడీస్‌కి బాత్రూం ఉండదని మాకు తెలుసుగా, అందుకని ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్ళు తాగం. ఎవరమూ. నాలుగు గంటలు ఎండలో నిలబెట్టారు. ఒక పిల్లకి నెలసరి, అది ఏడుస్తా నిలబడింది. విజిల్ ఏసినప్పుడు నాకు ముందొచ్చిన ఆలోచన, అమ్మయ్య అయిపోద్ది అని. అంతే."

"మరి పెద్దమ్మ దగ్గరకి నువ్వే ఎందుకెళ్ళావు?"

"ఆవిడకి కుడి భుజం పట్టేస్తది. వేరేవాళ్ళైతే లాగేవాళ్ళు. నేనైతే ఎత్తుతాను." మడమ తడుముకుంటూ అంది, "అది మంచే అనుకున్నా నాన్నా. ఎత్తేదాకా."

ఆ రోజు ఊరివాళ్ళు పగ అనుకున్నదేమిటో నాకప్పుడు అర్థమైంది. చెంబు తీసుకోకపోవడానికి కారణం పగ కాదు. నేను చదివిన పుస్తకాల్లో సేనాధిపతుల ఉపన్యాసాలున్నాయి, తిరుగుబాటు గీతాలున్నాయి, తుపాకులు కింద పడేసిన రోజు మంచు ఎంత కురిసిందో కూడా ఉంది. ఆజ్ఞ వచ్చేసరికి మనిషిలో కాదనడానికి కావలసిన ఓపిక మిగలకుండా చేస్తారని ఒక్క చోటా చదివిన గుర్తు లేదు. రాసి ఉంటే నేనే దాటేశానేమో, అదీ చెప్పలేను.

మర్నాడు మిలట్రీ ఆయనకు అంతా చెప్పాను. నేను ముందే చెప్పానుగా అంటారని ఎదురుచూశాను. ఆయన పేపరు మడిచి, "టిఫిన్ పెట్టలేదా?" అని అడిగారు.

"లేదంటండి."

"మాకూ పెట్టలేదు," అన్నారు. ఆ తర్వాత ఆ విషయం మా మధ్య మళ్ళీ రాలేదు.

నెలన్నర దాకా అక్కాచెల్లెళ్ళ మధ్య ఫోన్లు లేవు. అమ్మాయి ఫోన్ చేస్తే వదినగారు ఎత్తేవారు కాదు. ఒకసారి దాని గదిలో ఉండే పిల్లలు చెప్పారు, డ్యూటీ నుంచి వచ్చి అన్నం ముందు కూర్చుని తినకుండా లేచిపోతోందని. ఉద్యోగం మానేస్తానని కూడా ఒకరోజు నాతో అంది. మానెయ్యమనీ, వద్దనీ చెప్పలేదు. ఏది చెప్పినా మళ్ళీ నేను చెప్పినట్టే అవుతుందని భయం వేసింది. చివరికి ఒక సెలవు రోజు నాతో వస్తావా నాన్నా అని అడిగింది. మామూలు చుడీదారు వేసుకుని బండి వెనక కూర్చుంది.

వదినగారు అరుగు మీద మిరపకాయలకు తొడిమలు తీస్తున్నారు. మమ్మల్ని చూసి చేతులు దులుపుకున్నారు కానీ లేవలేదు.

"డ్యూటీ మీద వచ్చావా, ఇంటికొచ్చావా?"

"ఇంటికే పెద్దమ్మా."

"అయితే కాళ్ళు కడుక్కో."

అన్నం పెట్టారు. గోంగూర పచ్చడి, మజ్జిగ పులుసు. నాకూ పెట్టారు, విస్తట్లో వడ్డించారు కానీ నా వైపు చూడలేదు. అమ్మాయి తల వంచుకుని తింటోంది. రెండోసారి అన్నం వడ్డిస్తూ వదినగారు మామూలు గొంతుతో చెప్పారు.

"మళ్ళీ సర్వేకి వత్తారంట, ఈసారి కాలవ అవతల నించి. టెంటు అక్కడికి మారుత్తన్నాం."

"తెలుసు పెద్దమ్మా. మాకూ చెప్పారు."

"నేను ముందే కూకుంటా."

అమ్మాయి ముద్ద కలపడం ఆపింది. నేను నోరు తెరవబోయాను. ఇద్దరూ ఒకేసారి నా వైపు చూశారు. మూసుకున్నాను.

"నా పేరు మళ్ళీ పడొచ్చు," అంది అమ్మాయి. "లిస్టు నేను రాయను."

"నువ్వు రాత్తావని ఎవురన్నారు? పడితే రా. నీ కూడు నువ్వు మానుకుని నా పొలం నిలబెడతావా ఏంది?" వదినగారు గిన్నె కింద పెట్టి ఎదురుగా కూర్చున్నారు. "నా దగ్గరికి మాత్రం నువ్వు రామాకు. ఎవుర్నో ఒకళ్ళని రానియ్యి. వాళ్ళయితే నాలుగు తన్నుకుంటా, తిట్టుకుంటా. నువ్వొత్తే ఆ పని కూడా చెయ్యలేకపోయా."

అమ్మాయికి కళ్ళనీళ్ళు వస్తాయేమో అనుకున్నాను, రాలేదు. ఆ అలసట ఏడుపు దాకా కూడా వెళ్ళనివ్వలేదు దాన్ని.

"వాళ్ళు లాగితే భుజం పోద్ది పెద్దమ్మా."

"పోతే పోద్ది. నా భుజమేగా."

"సరే," అంది అమ్మాయి.

వదినగారు మజ్జిగ గిన్నె దాని విస్తరి వైపు జరిపారు. అది వంపుకుని, మిగతా అన్నం కలుపుకుని తినడం మొదలుపెట్టింది.